మచ్చ వేరు, రోగం వేరు

ఉద్యానవన శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న జనగామలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో జామచెట్టు బెరడు ముక్క. "మేడం, ఇది ఏం తెగులో జర చెప్పండి. రైతు పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నడు" అంది. ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాను. "చెట్టును చూసినవా?" అని అడిగాను. లేదంది. "అయితే నాకు గూడ తెల్వదు బిడ్డా" అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని చేసిన మనిషి తెలియదంటుందేమిటా అనుకుని ఉంటుంది. కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, రెండు చెట్ల సంగతి చెప్పాను. ఆ అమ్మాయిలాగా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్లకోసం అదే ఇక్కడ రాస్తున్నాను.

బదిలీలు, పదోన్నతులు, ఆఫీసు కాగితాలు వదిలేస్తున్నాను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి. మన పని అసలు అది కాదు. ఒక మనిషి తన చెట్టు చచ్చిపోతుందేమోనని భయపడుతూ మనల్ని పిలుస్తాడు. ఆ చెట్టు ముందు, ఆ మనిషి పక్కన నిలబడి, ఒక మాట చెప్పాలి. ఆ మాట మీద చెట్టు ఉంటుంది, లేదా పోతుంది. మన పని అంతే.

మంగ్లి మామిడిచెట్టు

నేను చేరిన కొత్తలో మహబూబాబాద్ వైపు పనిచేశాను. ఇప్పుడు మూడు జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పుడు ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. చేరి రెండేళ్లు కూడా కాలేదు. చదువు తాజాగా ఉంది, గొంతు గట్టిగా ఉంది, సందేహం మాత్రం లేదు.

ఒక తండా పక్కన ఒక ఆసామి కొత్తగా మామిడి తోట పెట్టాడు. కంచెకు అవతల మంగ్లి అనే లంబాడా ఆమె ఇల్లు. వాకిట్లో పెద్ద మామిడిచెట్టు. దాని మొదలు నుంచి కొమ్మల దాకా తెల్లగా, బూడిదరంగుగా, అక్కడక్కడ పాచిరంగుగా మచ్చలు. తన లేత మొక్కలకు ఆ రోగం అంటుకుంటుందని ఆసామి భయం. నన్ను పిలిపించాడు.

నేను చెట్టుకు నాలుగడుగుల దూరంలో నిలబడి చూశాను. మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అంచులు ముడుచుకుని, చూడటానికి గజ్జిలాగా ఉన్నాయి. "ఇది శిలీంధ్రం తెగులు. ముదిరిపోయింది. కొట్టేయడమే మంచిది, లేకపోతే చుట్టుపక్కల పాకుతుంది" అని చెప్పేశాను.

మంగ్లికి అప్పుడు నలభై ఏళ్లుంటాయేమో. ఆమె చెట్టు వైపు చూసింది, నా వైపు చూసింది, భర్త భీమ్లా వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. అతను తల కిందికి వేసుకున్నాడు. ఆమె ఏమందో నేను అడగలేదు.

వారం తిరక్కుండానే చెట్టు కొట్టేశారు. ఆ రోజు నేను మళ్లీ వెళ్లాను, పని సరిగ్గా జరిగిందో లేదో చూద్దామని. రంపం కోసిన చోట కట్టె మీగడ రంగులో, ఒక్క నల్ల చార కూడా లేకుండా, తడితడిగా మెరుస్తోంది. దాన్ని నా కళ్లతో చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు. మచ్చలున్న బెరడు ఒక ముక్క తీసి, ఘనకార్యం చేసినదానిలా ఆఫీసుకు పట్టుకెళ్లాను.

రాతిపువ్వు

మా పై అధికారి రాజలింగం సార్. లింగాల ఘనపూర్ వైపు మనిషి. మాట తక్కువ. పొలానికి వెళ్తే ముందు చెప్పులు విడిచేవాడు. ఆ అలవాటు చూసి మేము కుర్రవాళ్లం నవ్వుకునేవాళ్లం.

నేను బెరడు ముక్క బల్ల మీద పెట్టి తెగులు పేరు చెప్పాను. ఆయన గ్లాసులో నీళ్లలో బొటనవేలు ముంచి మచ్చ మీద రుద్దాడు. బూడిదరంగు మచ్చ చూస్తుండగానే ఆకుపచ్చగా మారింది. గోటితో గీకితే రేకులా లేచి వచ్చింది. దాని కింద బెరడు శుభ్రంగా, గట్టిగా ఉంది.

"సుజాతా, మీ ఇంట్ల బగారన్నం చేస్తరా?" అని అడిగాడు.

"చేస్తం సార్."

"ఏమేమి ఏస్తరు?"

"లవంగాలు, చెక్క, సాజీర, రాతిపువ్వు..."

"గిది గదే, గా రాతిపువ్వు చుట్టమే. చెట్టును తినది. బెరడు మీద కూసుంటది, అంతే. గాలి మంచిగున్న కాడ ఇంకింత పెరుగుతది." చెయ్యి తుడుచుకుని, "చెట్టెట్లున్నది?" అన్నాడు.

"కొట్టేసిండ్రు సార్."

ఆయన ఆ బెరడు ముక్కను కాగితంలో చుట్టి నా ముందుకు జరిపాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"ఇప్పుడేం జేస్తవ్?"

"చేసేదేమున్నది సార్, అయిపోయింది కదా."

"చెట్టుకు ఏం చెయ్యలేకపోవచ్చు. ఆమెకు చెప్పచ్చు గద."

నాకు ఏడుపొచ్చింది. "చెప్తే ఇంక మన మాట ఎవరింటరు సార్?"

"చెప్పకపోతే నీ మాట నువ్వే ఇనవ్" అన్నాడు.

ఆయన ఆజ్ఞాపించలేదు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు కూడా. ఇన్నేళ్లలో నేను చాలామంది అధికారుల కింద పనిచేశాను. తప్పు చేసినవాళ్లను పదిమందిలో నిలబెట్టి కడిగేవాళ్లున్నారు, తప్పును కాగితాల కింద దాచిపెట్టి మనల్ని కాపాడేవాళ్లూ ఉన్నారు. రెండు రకాల వాళ్ల దగ్గరా నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

మళ్లీ తండాకు

మూడు రోజులు వెనకాముందాడి నాలుగో రోజు బస్సెక్కాను. రోడ్డు మీద దిగి తండా దాకా నడిచాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. మంగ్లి వాకిట్లో కొట్టేసిన కొమ్మల్ని కట్టెలుగా పేరుస్తోంది. నడుమెత్తున మిగిలిన మొద్దుకు మేకను కట్టేసింది. నీడ పోయి వాకిలంతా ఎండ.

కూడబలుక్కున్నదంతా మర్చిపోయాను. "మంగ్లీ, నీ చెట్టుకు ఏ రోగం లేదు. నేను తప్పు చెప్పిన" అన్నాను.

ఆమె చేతిలో కట్టె కింద పెట్టింది. కోపం వస్తుందనుకున్నాను. ఆమె నన్ను మేకకు దూరంగా జరిపి, గిలాసలో నీళ్లిచ్చింది.

"నాకెరికే మేడం" అంది.

"ఏమెరిక?"

"చెట్టుకు ఏం గాలేదని. గా మచ్చలు నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చినప్పటి సంది ఉన్నయి. ఏటేట కాయ కాస్తనే ఉన్నది. ఆ దినం మా ఆయనతోని గదే అన్న. గీ పిల్లకు తెల్వదు, చెట్టుకేం గాలే అని."

"మరి ఎందుకు కొట్టనిచ్చినవ్?" అన్నాను.

"నువ్వు సర్కారు మనిషివి. సదువుకున్నదానివి. నాకెరికున్నదని చెప్తే నువ్వింటవా?"

వినేదాన్ని కాదు. అదే నిజం. నలభై ఏళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా ఆ చెట్టు కింద బతికిన మనిషి నా ఎదురుగా నిలబడితే, ఆ మచ్చలు ఎప్పటి నుంచి ఉన్నాయని ఒక్క మాట నేను అడగలేదు. అడిగి ఉంటే చెట్టు బతికేది.

అప్పుడు మొద్దు వైపు చూశాను. నడుమెత్తున కోయడం మంచిదే అయింది. మామిడి మొండిది, మొద్దు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మర్నాడే మైలుతుత్తం, సున్నం తెచ్చి పేస్టు కలిపి, కుళ్లు పట్టకుండా కోసిన చోట నా చేతులతో పూశాను. మేకను వేరే చోట కట్టమన్నాను. వానలు పడ్డాక మొద్దు చుట్టూ ఎర్రటి చిగుళ్లు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. బలమైనవి నాలుగు ఉంచి మిగతావి తీసేశాను. నెలకొకసారి ఏదో ఒక పని పెట్టుకుని అటు వెళ్లేదాన్ని.

రెండో ఏడు నాకొక ఆలోచన వచ్చింది. "దీనికి బంగినపల్లి అంటు కడతా, మంచి పండు కాస్తది" అన్నాను.

మంగ్లి చప్పున లేచింది. "వద్దు మేడం. నీకు దండం పెడ్త. నా పులుపు నాకు గావాలె. మా తండా మామిడికాయ తొక్కంత దీంతోనే అయితది."

ఈసారి నేను విన్నాను.

నాలుగో ఎండాకాలం ఆమె ఒక సంచి నిండా పచ్చికాయలు తీసుకుని ఆఫీసుకు వచ్చింది. ఒకటి కోసి నోట్లో పెట్టుకుంటే కళ్లు మూసుకుపోయాయి, అంత పులుపు. "మా తండాల దాన్ని మేడం చెట్టు అంటరు" అంది.

"మంచిగ అంటరా, తిట్టుకుంట అంటరా?"

"రెండు" అని పకపకా నవ్వింది.

జనగామలో వంగి చూడటం నేర్చుకున్నాను

ఆ తర్వాత చాలా ఏళ్లు జనగామ, చిల్పూర్ వైపు తిరిగాను. బెరడు చూడటం అక్కడే నేర్చుకున్నాను. రహస్యమేమీ లేదు, వంగడమే. అందరూ కంటికి ఎదురుగా ఉన్న మచ్చను చూస్తారు. అసలు రోగం ఎక్కువగా నేలకు ఆనుకుని, మట్టి కప్పేసిన చోట మొదలవుతుంది.

ఒక బత్తాయి రైతు చెట్టు మొదట్లో జిగురు కారుతోందని మందు మీద మందు పూస్తున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని, మొదలు చుట్టూ ఎగదోసిన మట్టిని చేత్తో తీశాను. కింద బెరడు గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, పులిసిన వాసన వేస్తోంది. నీళ్లు కాండానికి తగిలి నిలవడమే కారణం. కుళ్లిన మేర బెరడు తీసి పేస్టు పూయించి, మట్టి వెనక్కి లాగించి, పాదు దూరంగా చేయించాను. జిగురు కన్నీరులాంటిది. ఎక్కడ నొప్పో అది చెప్పదు.

అందుకే ఫోటో చూసి తెగులు చెప్పకండి. మాకు ఒక అధికారి ఉండేవాడు, ఫోన్లో వచ్చిన ఫోటోకు పది నిమిషాల్లో జవాబు వెళ్లాలనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఫోటోలో వాసన రాదు. గోరు పెట్టి గీకితే కింద పచ్చగా ఉందో, గోధుమరంగుగా ఉందో ఫోటో చెప్పదు. బెరడు నుంచి తవుడులాంటి పొడి రాలుతుంటే లోపల పురుగు ఉందని, నీళ్లు తగిలితే పచ్చబడే మచ్చకు భయపడనక్కర్లేదని చెట్టు దగ్గరికి పోతేనే తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు, ఆ చెట్టుతో ఉన్న మనిషిని అడగాలి. ఎప్పటి నుంచి ఉంది? అంతకుముందు ఏం చేశారు? నీకేమనిపిస్తోంది? ఈ మూడో ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. మంగ్లి నాకు నేర్పింది.

కొమురవ్వ వేపచెట్టు

ఉద్యోగంలో చివరి మూడేళ్లు భూపాలపల్లిలో పనిచేశాను. చెల్పూర్‌కు ఇవతల ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ స్వరూప ఫోన్ చేసింది. "మేడం, మా వేపచెట్టు మొదట్ల పెద్ద పుట్టగొడుగు లేచింది. పిల్లలు ముట్టుకుంటున్నరు. విషమేమో చూడండి."

వెళ్లి చూస్తే చాలా పెద్ద వేప. సగం కొమ్మలు అంగన్‌వాడీ రేకుల మీద పరుచుకుని ఉన్నాయి. నీడలో చాపల మీద పిల్లలు నిద్రపోతున్నారు. చెట్టు మొదట్లో, నేలకు జానెడు పైన, పళ్లెమంత గొడుగు. పైన గోధుమరంగులో నున్నగా, అంచు తెల్లగా, పాము పడగలా ఉంది. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందు దీపం పెట్టారు.

"కొమురవ్వ పెట్టింది మేడం. అమ్మవారు వెలిసిందంటది" అని స్వరూప మెల్లగా చెప్పింది.

అది విషం గొడుగు కాదు. అంతకన్నా చెడ్డది. అలాంటి గొడుగు బయటికి వచ్చిందంటే లోపల కట్టె ఏళ్ల కొద్దీ కుళ్లుతున్నట్టే. మొదలు డొల్లయితే పెద్ద గాలికి చెట్టు పడిపోతుంది. అది పడే వైపే పిల్లలు నిద్రపోతున్నారు.

ముప్పై ఏళ్ల కింద ఒక మంచి చెట్టును కొట్టేయమన్న నోరు ఇది. మళ్లీ అదే మాట చెప్పాలి. ముందు స్వరూపతో పిల్లల్ని ఊరి బడి గదిలోకి మార్పించాను. తర్వాత కొమురవ్వ ఇంటికి వెళ్లాను.

కొమురవ్వకు డెబ్బై దగ్గర. కుమ్మరి ఇంటి మనిషి. కొడుకూ కోడలూ కూలికి వెళ్తే ఆమె వేప కింద కూర్చుని అంగన్‌వాడీ పిల్లల్ని ఆడించేది. నేను వచ్చిన పని విని ముఖం తిప్పుకుంది. "వేప మీద చెయ్యేస్తే ఊరికి మంచిగ గాదు బిడ్డా. నువ్వు పో."

నేను పోలేదు. తెగులు పేరు కూడా చెప్పలేదు. ఆ రోజు కూర్చున్నాను, మర్నాడు వెళ్లి కూర్చున్నాను. మూడో రోజు అడిగాను. "అవ్వా, కుండ పగిలిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"కొట్టి చూస్తే తెలుస్తది. మంచి కుండ ఖంగుమంటది."

"చెట్టును గూడ కొట్టి చూద్దాం, రా. నేను చెప్ప. నువ్వే విను."

నా సంచిలో చిన్న కొయ్య సుత్తి ఉండేది. ఆమె చేతికిచ్చాను. ముందు తూర్పు వైపు కొట్టింది. గట్టిగా, కురచగా పలికింది. గొడుగు ఉన్న వైపు కొట్టింది. మొద్దుగా, లోపల ఎక్కడో పలికింది. మళ్లీ కొట్టింది. చెవి ఆనించి మళ్లీ కొట్టింది. చుట్టూ తిరిగి, ఒక్కో జానెడుకు ఒక్కో దెబ్బ, కుండల కుప్ప దగ్గర నిలబడి ఏరినట్టే. చివరికి సుత్తి నా చేతిలో పెట్టి నేల మీద చతికిలబడింది.

"బోలు" అంది. "మొత్తం బోలయ్యింది బిడ్డా."

"ఏం జేద్దాం అవ్వా?"

"పిల్లలు పంటరు గద గీడ." పసుపు రాసిన మొదలు మీద చెయ్యేసింది. "తీసెయ్యిండ్రి. కాని కొట్టేనాడు నన్ను గీడ ఉండనియ్యిండ్రి."

కొట్టే రోజు ఆమె తెల్లచీర కట్టుకుని వచ్చింది. చెట్టుకు నీళ్లు పోసి, బెల్లం పెట్టి, ఏదో మాట్లాడుకుంది. కొమ్మలు ముందు దించారు, తర్వాత మొదలు కోశారు. చెట్టు ఒరిగాక చూస్తే, మొదలంతా తడి బూజు పట్టిన పొట్టు. చుట్టూ బెత్తెడు మందం మాత్రమే మంచి కట్టె. మూడేళ్ల పిల్ల నిలబడేంత డొల్ల.

కొమురవ్వ ఆ డొల్లలోకి చెయ్యి పెట్టి, గోడలు తడిమింది. "ఇంత నొప్పి కడుపుల పెట్టుకోని నీడిచ్చినవా అవ్వా" అని ఏడ్చింది.

అందరూ వెళ్లాక, స్వరూప నీళ్ల కోసం లోపలికి వెళ్లినప్పుడు, ఆమె నా కొంగు పట్టుకుంది.

"బిడ్డా, నాకు గూడ ఒకటున్నది."

"ఏంది అవ్వా?"

ఆమె నా చెయ్యి తీసుకుని రవిక మీద, ఎడమ వైపు పెట్టుకుంది. బట్ట కింద గట్టిగా, కదలకుండా, తునికిపండంత గడ్డ.

"ఎప్పటి సంది?"

"పోయినేడు బోనాలప్పటి సంది. నొస్తలేదని ఊకున్న."

మర్నాడు పొద్దున్నే నేను, స్వరూప, ఆమె కోడలు కలిసి వరంగల్ దవాఖానకు తీసుకెళ్లాం. పరీక్షలయ్యాయి. డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి, ఆలస్యమైంది గానీ చెయ్యి దాటిపోలేదని చెప్పింది. వరండాలో కోడలు భోరుమంది. "ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదు అత్తా?"

కొమురవ్వ ఆమె తల నిమిరింది. "అడిగినోళ్లు లేరు బిడ్డా" అంది. నిష్ఠూరంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

ఆ మాట కోడలికే కాదు, నాకూ తగిలింది. మూడు రోజులు ఆమె పక్కన కూర్చున్నాను. చెట్టుకు ఎప్పటి నుంచి ఎలా ఉందని అడిగాను. నీకెలా ఉంది అవ్వా అని అడగలేదు.

ఆపరేషన్ అయింది. మందులకు జుట్టు రాలి, మళ్లీ వచ్చింది. నేను రిటైరై వచ్చేశాను.

నెల కింద ఆ ఊరు వెళ్లాను. అంగన్‌వాడీ ముందు ఇప్పుడు రేకుల పందిరి వేశారు. కొమురవ్వ దాని కింద ఉంటుందనుకున్నాను, లేదు. "లోపల ఉన్నది మేడం, జరసేపు ఆగండి" అంది స్వరూప. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లుల్ని కొమురవ్వ ఒక్కొక్కరినే లోపలి గదిలోకి పిలుస్తుందట. తలుపు దగ్గరికి వేస్తుందట. ఇప్పటికి ఇద్దరిని తనే దవాఖానకు వెంటబెట్టుకుని వెళ్లింది. ఒకామెకు ఏమీ లేదన్నారు. ఇంకొకామెకు సమయానికి వైద్యం దొరికింది.

నేను వాకిట్లో నిలబడ్డాను. వేసిన తలుపు వెనక నుంచి ఆమె గొంతు వినిపిస్తోంది, చంటిపిల్లను లాలించినంత మెత్తగా.

"సిగ్గుపడకు బిడ్డా. ఎన్నొద్దుల సంది ఉన్నది? చెప్పు, నేనింట."